వేలు పోతే ఇంటికి పోయేది ఎంత?

(తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీల కార్మికులు, వాళ్ళ ఇంటివాళ్ళు కలిసిన సమావేశంలో, పరిహారం కేసులు వాదించే ఒక న్యాయవాది మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. షిఫ్టు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చినవాళ్ళు చాలామంది కనపడుతున్నారు, కాబట్టి ఎక్కువ ఉపోద్ఘాతం పెట్టుకోను. వెనక నిలబడిన అక్కలు కాస్త ముందుకు రండి. ఈ రోజు నేను చెప్పేది మగవాళ్ళ కంటే మీకే ఎక్కువ అవసరం. దెబ్బ తగిలేది ఆయనకే అయినా, ఆ తర్వాత ఇల్లు నడిపేది మీరు, అప్పుకు తిరిగేది మీరు, ఆస్పత్రిలో మంచం పక్కన కింద చాప వేసుకుని పడుకునేది మీరు.

ప్రమాదాలు ఎలా ఆపాలనేది కూడా మాట్లాడుకోవాల్సిందే, కానీ అది ఇంకో రోజు. ఈ రోజు ఒకే విషయం. పనిలో దెబ్బ తగిలితే ఆ ఇంటికి ఎంత నష్టం? ఆ లెక్క ఎవరు కడుతున్నారు, ఎలా కడుతున్నారు? నేను చూస్తున్నంతలో మన దగ్గర ఆ లెక్క తప్పుగా కడుతున్నారు. ఆస్పత్రి బిల్లు ఎంతయిందో అదే నష్టం అనుకుంటున్నారు. ఓనరు అలాగే అనుకుంటాడు, మేస్త్రీ అలాగే అనుకుంటాడు, పంచాయితీకి కూర్చున్న పెద్దమనుషులూ అలాగే అనుకుంటారు, ఆఖరికి మనమూ అలాగే అనుకుంటాం. బిల్లు కట్టేశారు, పైన ఇంత చేతిలో పెట్టారు, సరిపోయింది అనుకుంటాం. సరిపోయిందో లేదో ఆ ఇంటికి ఆరు నెలల తర్వాత పోయి చూస్తే తెలుస్తుంది.

పెద్ద ప్రమాదం జరిగితే అందరికీ తెలుస్తుంది. 2018 ఆగస్టులో కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగింది, పొట్ట చేత పట్టుకుని ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు చచ్చిపోయారు. అదే ఏడాది జూలైలో మన తాడిపత్రిలోనే స్టీల్ ప్లాంటులో గ్యాస్ లీకై ఆరుగురు పోయారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్ళపల్లెలో ముగ్గురాయి గని దగ్గర జిలెటిన్ స్టిక్స్ దించుతుంటే పేలి పది మంది పోయారు. ఇలాంటివి జరిగితే టీవీలు వస్తాయి, నాయకులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. మరి కటింగ్ మిషన్ దగ్గర వేలు పోతే ఎవరు వస్తారు? బండ జారి పాదం మీద పడితే? ఒక్కరూ రారు. రోజూ ఎక్కడో ఒక చోట జరిగేవి ఇవే, ఇళ్ళు కూలిపోయేది కూడా ఎక్కువగా వీటివల్లే.

ఒక అక్క నాకు ఒక నోటు పుస్తకం తెచ్చి చూపించింది. వాళ్ళ పిల్లోడి లెక్కల నోటు. ముందు వైపు పిల్లోడి కూడికలు, వెనక వైపు నుంచి ఆమె రాసుకుంటూ వచ్చిన లెక్కలు. భర్త లోడింగ్ మనిషి. లారీలో బండలు నిలబెట్టేటప్పుడు ఒకటి జారి వెనక్కి వచ్చింది, రెండు బండల మధ్య కుడి చేతి బొటనవేలు నలిగిపోయింది, తీసేయాల్సి వచ్చింది. ఆమె పెద్ద చదువు చదువుకున్న మనిషి కాదు, కానీ మొదటి రోజు నుంచి ప్రతిదీ రాసింది. ఆటో ఇంత, అనంతపురం బస్సు ఇంత, రక్త పరీక్ష ఇంత, సూది మందు, కట్టు, బయట నుంచి తెచ్చిన భోజనం, జెరాక్స్. జెరాక్స్ కూడా రాసింది. ఇంకో పేజీలో తను పోగొట్టుకున్న కూలీ రోజులు, ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క గీత. ఆ గీతలు చూడగానే నాకు అర్థమైంది, ఈ ఇంట్లో పోయింది ఒక కూలి కాదు, రెండు కూలీలు. ఆయన మంచం మీద ఉన్నాడు కాబట్టి ఆయన కూలి పోయింది, ఆయన్ని చూసుకోవాలి కాబట్టి ఆమె కూలీ పోయింది. ఆస్పత్రి ఖర్చు ఓనరే పెట్టుకున్నాడు, నిజమే. ఈ రెండో పేజీ ఎవరు చూశారు? పంచాయితీలో ఎవరైనా అడిగారా, అమ్మా నువ్వు ఎన్ని రోజులు పనికి పోలేదు అని? ఎవరూ అడగలేదు.

ఇంకా కింద రాసి ఉంది, కమ్మలు కుదవ పెట్టింది. డ్వాక్రా కంతు కట్టాలి కదా, ఒక నెల తప్పితే గ్రూపులో మిగతా ఆడవాళ్ళు ఇంటి ముందుకొస్తారు. అందుకని కంతు కట్టడానికి ఇంకో చోట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది.

ఇక్కడ మనం ఒక లెక్క వేసుకుందాం. ఇది ఆమె లెక్క కాదు, మీ అందరికీ అర్థం కావడానికి నేను వేసే లెక్క, ఫోన్లు తీసి మీరూ కొట్టి చూడండి. రోజుకు 600 కూలి, నెలకు 26 రోజులు, అంటే 15,600. మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే 46,800 పోయినట్టు. ఆ మూడు నెలలు తినాలి, అద్దె కట్టాలి, పిల్లలకు చూడాలి, అందుకని 60 వేలు అప్పు తెచ్చారనుకోండి. నూటికి మూడు అంటే నెలకు 1,800 వడ్డీ. ఏడాదికి 21,600. అసలు అలాగే ఉంటుంది. వడ్డీ కట్టడమే గగనం, అసలు ఎప్పుడు తీరాలి? ఇంతవరకూ మనకు కనపడే నష్టం.

ఇప్పుడు కనపడనిది చెప్తాను, జాగ్రత్తగా వినండి. మూడు నెలలకు గాయం మానింది, మనిషి పనికి వచ్చాడు. బొటనవేలు లేకుండా బండ పట్టుకోగలడా? పట్టు దొరకదు. సుత్తి పట్టలేడు, కటింగ్ దగ్గర బండ తోయలేడు. ఓనరు మంచివాడైతే వాచ్‌మన్‌గా పెట్టుకుంటాడు, రోజుకు 350 ఇస్తాడు. అంటే రోజుకు 250 తగ్గింది. నెలకు 6,500. ఏడాదికి 78,000. ఆయనకు 35 ఏళ్ళు అనుకుందాం, 60 దాకా పని చేస్తే ఇంకా 25 ఏళ్ళు. కొట్టారా? 19 లక్షల 50 వేలు. ఇది ఆ ఇంటికి నిజంగా పోయేది. కూలీ రేట్లు పెరగడం కూడా ఇందులో వెయ్యలేదు.

పంచాయితీలో ఎంత ఇప్పించారు? మామూలుగా జరిగేది చెప్తాను, మీకు తెలియనిది కాదు. ఆస్పత్రి బిల్లు కాకుండా ఒక 50 వేలు. ఒక తెల్ల కాగితం మీదో స్టాంపు పేపరు మీదో "నాకు రావాల్సినదంతా ముట్టింది, ఇక మీదట ఎలాంటి కేసులు వెయ్యను" అని సంతకం. బొటనవేలు లేని మనిషి చేత ఎడమ చేతి వేలిముద్ర వేయించుకున్న కాగితం కూడా నా దగ్గరకు వచ్చింది. ఎందుకు పెడతారు సంతకం? అమాయకులై కాదు. ఆ రోజుకు ఇంట్లో బియ్యం లేవు, వడ్డీకి ఇచ్చినవాడు ఫోన్ చేస్తున్నాడు, ఇప్పుడు కాదంటే రేపు ఈ 50 వేలు కూడా రావేమో అని భయం. పైగా అదే ఫ్యాక్టరీలో బావమరిదో తమ్ముడో పని చేస్తుంటాడు, వాడి పని పోతుందని ఇంకో భయం. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ కాగితం గురించి మీకు తెలియాల్సింది ఒకటుంది. పరిహారం హక్కు వదులుకుంటున్నాను అని కార్మికుడు రాసిచ్చినా అది చెల్లదు. చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. సంతకం పెట్టేశాను, ఇక అయిపోయింది అని ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, అయిపోలేదు, నా దగ్గరకు రండి.

చట్టం లెక్క ఎలా ఉంటుంది

వందేళ్ళ కిందటి చట్టం, 1923 నాటిది. మొదట్లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్ అనేవాళ్ళు, 2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ అయింది. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి ఇది దాంట్లో కలిసిపోయింది. అంతకు ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే. పేరు మారినా లెక్క కట్టే పద్ధతి మాత్రం అదే, అందుకే ఆ పద్ధతి నేర్చుకోండి చాలు.

మూడు సంగతులు చూస్తారు. నెల జీతం ఎంత, వయసు ఎంత, సంపాదించే శక్తి ఎంత తగ్గింది. వయసుకు ఒక అంకె ఉంటుంది, చిన్న వయసుకు పెద్ద అంకె, పెద్ద వయసుకు చిన్న అంకె. 30 ఏళ్ళవాడికి 207.98, 35 అయితే 197.06, 40 అయితే 184.17, 50 అయితే 153.09. ఎందుకు అలా పెట్టారు? ఇంకా ఎన్నేళ్ళు సంపాదించేవాడో దాన్నిబట్టి. చూశారా, చట్టం ఆస్పత్రి బిల్లు దగ్గర ఆగలేదు, ముందున్న ఏళ్ళను లెక్క పెడుతోంది. పంచాయితీ పెద్దమనుషులు ఎప్పుడూ అడగని ప్రశ్న అది.

మనిషి చనిపోతే నెల జీతంలో 50 శాతం తీసుకుని ఆ అంకెతో గుణిస్తారు. బతికి ఉండి పూర్తిగా పని చెయ్యలేని స్థితి అయితే 60 శాతం. కొంత భాగమే పోతే, ఆ 60 శాతం లెక్కలో ఎంత శాతం శక్తి పోయిందో అంత ఇస్తారు. ఏ అవయవానికి ఎంత అని పట్టిక ఉంది. బొటనవేలికి 30 శాతం. చూపుడు వేలు మొత్తం పోతే 14. ఒక చేతికి నాలుగు వేళ్ళూ పోతే 50. పాత చట్టం కింద 2020 జనవరి నుంచి జీతం ఎంత ఉన్నా 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు.

మన 35 ఏళ్ళ అన్నకు వేద్దాం. 15,000లో 60 శాతం 9,000. దాన్ని 197.06తో గుణిస్తే 17,73,540. అందులో బొటనవేలికి 30 శాతం, 5,32,062 రూపాయలు. ఇంకోసారి చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. 5 లక్షల 32 వేల 62 రూపాయలు. పంచాయితీలో ఇచ్చింది 50 వేలు. నిజంగా పోయేది 19 లక్షల పైన అని ఇందాక చూశాం, చట్టం ఇచ్చేది కూడా దానికి చాలా తక్కువే, ఆ 15 వేల పరిమితి అన్యాయమనే నా అభిప్రాయం. కానీ 50 వేలకూ 5 లక్షలకూ మధ్య ఒక ఆడపిల్ల చదువు ఉంది, ఒక ఇంటి అప్పు ఉంది.

ఇది కాక, మంచం మీద ఉన్న మూడు నెలలకు సగం జీతం ఇవ్వాలి, పదిహేను రోజులకొకసారి. ఆస్పత్రి ఖర్చు పూర్తిగా వేరే ఇవ్వాలి. "ఆస్పత్రికి మేమే లక్ష పెట్టినాం కదా, ఇంకేం ఇవ్వాల" అంటారు, విన్నారు కదా? వైద్యానికి పెట్టింది పరిహారం కిందకి రాదని చట్టంలోనే ఉంది. ఆ లక్షను ఈ 5 లక్షల్లోంచి తీసెయ్యడానికి వీల్లేదు.

ఒక నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పెనాల్టీ, పరిహారంలో సగం దాకా వెయ్యొచ్చు. మీరు నూటికి మూడుకు తెచ్చిన అప్పు ఏడాదికి 36 శాతం అవుతుంది, చట్టం మీకిచ్చేది 12. అందుకే కేసు ఎంత త్వరగా వేస్తే అంత మేలు అని చెప్తున్నాను.

పట్టికలో ఉన్న శాతమే ఆఖరు మాట కూడా కాదు. ఒక వడ్రంగి పని చేస్తూ పడిపోయాడు, ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. ఇంకో చెయ్యి ఉంది కదా అన్నారు యజమాని తరఫువాళ్ళు. ఒక్క చేత్తో వడ్రం పని ఎలా చేస్తాడు, అతనికి నూటికి నూరు శాతం పోయినట్టే అని ఈ పరిహారం కేసులు వినే అధికారి, ఆయన్నే కమిషనర్ అంటారు, ఆయన అన్నాడు, 1975 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు అదే సరైనదంది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటారు, యాభై ఏళ్ళయినా ఇప్పటికీ మేము ప్రతి వాదనలో చూపిస్తాం. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని కూడా అందులోనే చెప్పారు. అందరికీ నూరు శాతం వస్తుందని నేను ఆశ పెట్టను. కానీ డాక్టరు చేత "ఈ మనిషి ఇంతకు ముందు చేసిన ఆ పని ఇక చెయ్యలేడు" అని చెప్పించగలిగితే తేడా వస్తుంది.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సర్కారు కాగితం, దాని సంగతి చాలామంది అడుగుతారు. సదరంలో 40 శాతం వస్తేనే నెలకు 6 వేల పింఛను. వేళ్ళు పోయినవాళ్ళకు చాలాసార్లు 40 రాదు, "నాకు పింఛనే రాలేదు, పరిహారం ఏం వస్తుంది" అని వదిలేస్తారు. ఈ రెండూ వేర్వేరు. పింఛనుకు 40 కావాలి, పరిహారానికి అలాంటి గీత లేదు, ఒక్క వేలి కొస పోయినా లెక్క ఉంది.

వాళ్ళు ఏమంటారు, మనం ఏం చూపించాలి

మొదటి మాట, "వాడు మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి." ఫ్యాక్టరీ పని ఫ్యాక్టరీ లోపల చేస్తుంటే దెబ్బ తగిలింది, మేస్త్రీ ద్వారా వచ్చినా అసలు యజమానే బాధ్యుడు. ఆయన తర్వాత మేస్త్రీ దగ్గర వసూలు చేసుకుంటాడో లేదో అది వాళ్ళిద్దరి గొడవ. రెండో మాట, "వాడి తప్పే, చూసుకోకుండా చెయ్యి పెట్టినాడు." అజాగ్రత్త వల్ల పరిహారం పోదు. పన్నెండు గంటలు నిలబడి పని చేసే మనిషికి ఒక్క క్షణం ధ్యాస తప్పడం నేరం కాదు. "గ్లవ్స్ వేసుకోలేదు" అంటారు. ఇచ్చారా? ఇచ్చి, వేసుకోమని చెప్పి, కావాలని వీళ్ళు తీసేశారని నిరూపించాలి. ఇవ్వని గ్లవ్స్ ఎవరు తీస్తారు? "తాగి ఉన్నాడు" అంటారు. తాగడం వల్లే ప్రమాదం జరిగిందని వాళ్ళే చూపించాలి, అది కూడా మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పని చెయ్యలేని స్థితి వచ్చినా, ఆ సాకు పనికిరాదు.

ఇవన్నీ దాటొచ్చు. మనం ఓడిపోయేది ఇక్కడ కాదు. అసలు ఆ మనిషి అక్కడ పని చేస్తున్నాడని చూపించే కాగితం లేక ఓడిపోతాం. దెబ్బ తగలగానే ఏం చేస్తారు? ఓనరు కారులోనే ఎక్కించుకుని తెలిసిన ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోతారు, అక్కడ "బండి మీద నుంచి పడినాడు" అని రాయిస్తారు. లేదా "ఇంట్లో పని చేస్తుంటే" అని రాయిస్తారు. ఆ ఒక్క వాక్యం ఏడాది తర్వాత మన మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి అక్కలూ, ఆస్పత్రికి పరుగెత్తినప్పుడు, ఏడుస్తూ అయినా సరే, డాక్టరుకు ఒక్క మాట చెప్పండి, "ఫలానా ఫ్యాక్టరీలో పని చేస్తుంటే బండ పడింది, అదే రాయండి" అని. ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాయమని అడగండి. అది రాస్తే పోలీసులకు సమాచారం పోతుంది, రికార్డు ఉంటుంది. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, బిల్లులు ఏదీ పారేయొద్దు.

పని చేస్తున్నట్టు రుజువు ఏముంటుంది మనకు? అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరిచ్చారు, ఎవరూ ఇవ్వలేదు. కానీ ఇప్పుడు కూలి చాలామందికి ఫోన్‌పేలో వస్తోంది కదా. అది రుజువే. బ్యాంకుకు పోయి ఏడాది స్టేట్‌మెంట్ తీసుకోండి. మేస్త్రీ "రేపు పొద్దున్నే రా, లోడు ఉంది" అని పెట్టిన వాట్సాప్ వాయిస్ మెసేజ్ తీసెయ్యొద్దు. లారీ లెక్కన డబ్బులు తీసుకునేవాళ్ళు ఏ రోజు ఎన్ని లారీలు ఎక్కించారో రాసుకోండి, తేదీ వేసి. ఆ అక్క పిల్లోడి నోటులో రాసిందే చూడండి, ఆయన లారీల లెక్క కూడా అందులోనే ఉంది, ప్రమాదానికి ముందు నెలలవి. నెల సంపాదన ఎంత అని అడిగితే మా దగ్గర అదే ఆధారం. పక్కన పని చేసే తమ్ముళ్ళకు కూడా చెప్తున్నాను, సాక్ష్యం చెప్పడానికి వెనకాడొద్దు, రేపు మీకు జరిగితే ఈయనే రావాలి.

ఈఎస్ఐ, అంటే కార్మికుల సర్కారు బీమా, దాని గురించి తక్కువగానే చెప్తాను, ఇక్కడ కార్డు ఉన్నవాళ్ళు తక్కువ. పది మంది గానీ అంతకు పైన గానీ ఉన్న ఫ్యాక్టరీలో, 21 వేల లోపు జీతం ఉన్నవాళ్ళకు వర్తిస్తుంది. మీ జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. పనిలో దెబ్బ తగిలితే కోలుకునే దాకా జీతంలో 90 శాతం ఇస్తారు, శాశ్వత నష్టానికి నెలనెలా పింఛను లాగా వస్తుంది. ఈఎస్ఐ ఉంటే ఇందాకటి పరిహారం కేసు వెయ్యడానికి ఉండదు, రెండిట్లో ఒకటే. గనుల్లో పనిచేసేవాళ్ళ కథ వేరు, పాత ఈఎస్ఐ చట్టం గనులకు వర్తించేది కాదు, అప్పట్లో వాళ్ళకు పరిహారం చట్టమే దిక్కుగా ఉండేది. 20 రూపాయల బీమా కూడా అందరూ కట్టుకోండి, ప్రధానమంత్రి సురక్షా బీమా, బ్యాంకు అకౌంట్ నుంచే కట్ అవుతుంది, చనిపోతే 2 లక్షలు, ఒక కన్నో ఒక చెయ్యో ఒక కాలో పోతే లక్ష. వేళ్ళు పోతే రాదు, అది తెలిసి కట్టుకోండి.

ఇక్కడ కొందరు ఫ్యాక్టరీ ఓనర్లు కూడా వచ్చారు, వచ్చినందుకు నిజంగా సంతోషం. మీలో చాలామంది బ్యాంకు లోను మీద రెండు మిషన్లు పెట్టుకుని నడుపుతున్నవాళ్ళే, ఒకేసారి 5 లక్షలు కట్టమంటే మీకూ కష్టమే, నాకు తెలుసు. అందుకే కార్మికుల పరిహారం పాలసీ తీసుకోండి. లారీకి ఇన్సూరెన్స్ తప్పకుండా కడతారు కదా, లారీ ఎక్కించే మనిషికి ఎందుకు కట్టరు? పాలసీ ఉంటే పరిహారం కంపెనీ కడుతుంది. కానీ మీరు నెలలు తిప్పినందుకు పడే పెనాల్టీ మాత్రం కంపెనీ కట్టదు, అది మీ జేబులోంచే పోవాలి, 1997లో సుప్రీం కోర్టు చెప్పేసింది. కాబట్టి దాచిపెట్టి, ఆస్పత్రిలో అబద్ధం రాయించి, పంచాయితీ పెట్టించి మీరు మిగుల్చుకునేది ఏమీ లేదు.

మనిషి చనిపోయిన ఇళ్ళ సంగతి చెప్పి ముగిస్తాను. 35 ఏళ్ళ మనిషి, 15 వేల జీతం, 7,500ను 197.06తో గుణిస్తే 14,77,950. ఈ డబ్బు యజమాని నేరుగా ఇంట్లోవాళ్ళ చేతిలో పెట్టకూడదు. కమిషనర్ దగ్గర జమ చెయ్యాలి, మన జిల్లాల్లో కార్మిక శాఖ అధికారులే ఆ కమిషనర్లు. భార్యకు ఎంత, పిల్లలకు ఎంత, తల్లికి ఎంత అని ఆయనే పంచుతాడు, పిల్లల వాటా డిపాజిట్ చేయిస్తాడు. ఈ నియమం ఎందుకు పెట్టారో నేను కళ్ళారా చూశాను. దినాలు కాకముందే పెద్దమనుషులు డబ్బు మూట తెస్తారు, ఎవరో బావ తీసుకుంటాడు, ఎవరో అన్న అప్పు తీర్చుకుంటాడు, ఆ చిన్న వయసు అమ్మాయి చేతికి ఏమీ రాదు. పంచాయితీలో అలా చేతికిచ్చింది చట్టం లెక్కలో ఇచ్చినట్టే కాదు. ఆ అమ్మాయిలకు ఈ మాట ఎవరూ చెప్పరు, ఇక్కడున్న మీరు చెప్పండి.

ఒకాయన చీటీ పంపించాడు, వాళ్ళది కదిరి వైపు, తమ్ముడికి బెంగళూరులో బిల్డింగ్ పనిలో దెబ్బ తగిలిందంట, అక్కడికి తిరగాలా అని. అక్కర్లేదు అన్నా. ప్రమాదం జరిగిన చోటే కాదు, కార్మికుడు నివాసం ఉండే చోట కూడా కేసు వేసుకోవచ్చు. ఆదోని, ఆలూరు వైపు నుంచి వలస పోయేవాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది. కొత్త కోడ్‌లో ఇంకొకటి కలిపారు, ఇంటి నుంచి పనికి పోయేటప్పుడు, పని నుంచి ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ప్రమాదం జరిగితే, అది డ్యూటీకి సంబంధించిందని తేలితే, అదీ పనిలో జరిగినట్టే.

ఇంకో చీటీ, లాయరుకు డబ్బులు ఎక్కడివి అని. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, కోర్టు ఆవరణలోనే ఉంటుంది. పరిశ్రమల్లో కార్మికులకు, ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు లాయరును ఉచితంగా ఇస్తారు, మీ తరఫున ఇంటావిడ పోయి అడిగినా సరే.

గడువు అడిగారు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. దాటనివ్వొద్దు. ఒకవేళ ఇప్పటికే దాటిపోయి ఉంటే, మంచం మీద ఉన్నాననో, ఓనరు ఇస్తానని తిప్పుకున్నాడనో సరైన కారణం చూపిస్తే తీసుకునే అధికారం కమిషనర్‌కు ఉంది. అందుకని అలాంటివాళ్ళు కూడా ఉండండి. నేను ఆ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను, కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు ముందు రండి. కాగితాలు లేనివాళ్ళు ప్రమాదం జరిగిన తేదీ, ఏ ఆస్పత్రికి పోయారు, పక్కన ఎవరున్నారు, ఈ మూడు గుర్తు చేసుకుని రండి, ఆ అమ్మాయి రాసుకుంటుంది.